ఓటీటీ రాకముందే పోయాయి: ఒక పాత రెప్ జవాబు

మీరు అడిగింది ఇది: "హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న పాత థియేటర్లు ఒక్కొక్కటిగా ఎందుకు మాయమయ్యాయి? ఓటీటీ వల్లేనా? సంగీత్‌లో చూసిన మజా ఏ మల్టీప్లెక్సులోనూ రాదని మా నాన్న అంటుంటారు. అది నిజమా, లేక వయసు మీద పడ్డాక వచ్చే మాటా?"

రెండో ప్రశ్నే కష్టం. అందుకని ముందు మొదటిది తేల్చేస్తాను.

నేను 1982 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు నైజాం ఏరియాలో, అంటే సినిమావాళ్ల లెక్కలో తెలంగాణలో, రెప్‌గా పనిచేశాను. రెప్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. సినిమా కొన్న డిస్ట్రిబ్యూటర్ తరఫు మనిషి. ప్రింటు, అంటే సినిమా రీళ్ల కాపీ, ఎక్కడ ఆడుతుంటే అక్కడే ఉండాలి. ప్రతి ఆటకూ ఎన్ని టికెట్లు తెగాయో చూసుకుని, డీసీఆర్ మీద మేనేజర్ సంతకం తీసుకుని, సెకండ్ షో మొదలయ్యాక ఆఫీసుకు ఫోన్ చేసి అంకెలు చదవాలి. డీసీఆర్ అంటే డైలీ కలెక్షన్ రిపోర్టు. అందులో ఒక్క రూపాయి తేడా వచ్చినా మరుసటి రోజు పొద్దున్నే మనకు అక్షింతలు.

టికెట్ల పుస్తకాలు క్లాసుకో రంగులో, వరుస నంబర్లతో ఉండేవి. ఆటకు ముందు మొదటి నంబరు, కౌంటర్ మూసేశాక చివరి నంబరు రాసుకుంటే అమ్మిన లెక్క వచ్చేస్తుంది. కాగితం మీద ఇందులో మోసానికి చోటే లేదు. కానీ గేటు దగ్గర మనిషి టికెట్టు చింపకుండా జేబులో వేసుకుని, గుప్పెడు పోగయ్యాక మళ్లీ కౌంటర్‌కు పంపితే? అదే టికెట్టు రెండోసారి అమ్ముడుపోతుంది, నంబర్లు మాత్రం కదలవు. అందుకే ఇంటర్వెల్ అయ్యి లైట్లు ఆరాక టార్చి పట్టుకుని తలలు లెక్కపెట్టేవాళ్లం. ఒకచోట, పేరెందుకులెండి, లెక్క కంటే నలభై తలలు ఎక్కువ తేలాయి. మేనేజర్‌ని అడిగితే "మా చుట్టాలు" అన్నాడు. నలభై మందా అంటే "పెళ్లికి వచ్చారు" అన్నాడు, రెప్ప కూడా వేయకుండా. నాకు అప్పటికి ఇరవై మూడేళ్లు. చేసేది లేక బాల్కనీలో కూర్చుని, చుట్టాల్లో పెళ్లికళ ఉందేమో అని వెతికాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను థియేటర్లను తెర వైపు నుంచి కాదు, కౌంటర్ వైపు నుంచి చూసినవాణ్ని. మీ నాన్నగారికి సంగీత్ ఒక అనుభవం. నాకు థియేటర్ అంటే సీట్లు, ఆటలు, వారాలు.

ఆ లెక్కలో చూస్తే ఓటీటీ నేరస్థుడు కాదు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ మన దేశంలోకి వచ్చింది 2016లో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎం.ఎం. 2010 ప్రాంతంలోనే నేలమట్టమైంది. సికింద్రాబాద్ సంగీత్ అప్పటికే లేదు. అబిడ్స్‌లో జమరూద్ మహల్, ప్యాలెస్, సాగర్ పేర్లు చెబితే ఇప్పుడు యాభై దాటినవాళ్లకే గుర్తొస్తాయి. లిబర్టీ థియేటర్ పోయి ఎంత కాలమైందంటే, హిమాయత్‌నగర్‌లో "లిబర్టీ దగ్గర ఆపు" అని రోజూ ఆటోవాడికి చెప్పేవాళ్లలో చాలామందికి ఆ పేరు ఒక సినిమా హాలుదని తెలియదు. ప్యారడైజ్ కూడా అంతే. అక్కడ ముందు ఉన్నది టాకీసు, దాని పక్కన చాయ్, సమోసాల కేఫ్. టాకీసు పోయింది, కేఫ్ బిర్యానీ హోటలై ఊరంతా బ్రాంచీలు పెట్టింది. వ్యాపారం ఎటు పోతుందో ముందే ఎవరు చెప్పగలరు!

మరి ఎవరు చంపారు? నా లెక్కలో మొదటి ముద్దాయి సినిమా విడుదల చేసే పద్ధతే.

మేం పని మొదలుపెట్టిన రోజుల్లో పెద్ద సినిమా వచ్చినా సిటీకి కొన్ని ప్రింట్లే. క్రాస్‌రోడ్స్‌లో ఒకటి మెయిన్ థియేటర్. సికింద్రాబాద్‌కు ఒకటి, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒకటి, అటు కూకట్‌పల్లి వైపు ఒకటి. అభిమానులు ఇప్పటికీ "క్రాస్‌రోడ్స్‌లో మెయిన్ ఎక్కడ?" అని అడగడం ఆ కాలపు అలవాటే. ప్రింటు తీయించడం చవక కాదు. చివరి రోజుల్లో ఒక్కోదానికి 50, 60 వేలు అయ్యేది. అందుకని ఉన్న ప్రింటునే వారాల తరబడి తిప్పేవాళ్లు. ముందు పెద్ద హాలు, కలెక్షన్లు తగ్గాక షిఫ్టింగ్, అంటే పక్కనున్న చిన్న హాలుకు మార్చడం, ఆ తర్వాత జిల్లాలు, చివరికి టూరింగ్ టాకీసు. గీతలు పడి వాన కురుస్తున్నట్టు ఉన్న ప్రింటును కూడా ఊళ్లో జనం ఈల వేసి చూసేవాళ్లు.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. వెయ్యి సీట్ల హాలు, రోజుకు నాలుగు ఆటలు. అన్నీ నిండితే రోజుకు 4,000 టికెట్లు, వారానికి 28,000, పది వారాలకు 2,80,000. అంటే హిట్టు సినిమా ఒక్క హాలుకు రెండున్నర నెలల మేత. ఇప్పుడు అదే సినిమాను సిటీలో 100 తెరల మీద, తెరకు 300 సీట్ల చొప్పున నాలుగు ఆటలు వేశారనుకోండి. రోజుకు 1,20,000 సీట్లు. ఆ పది వారాల జనం మొత్తం రెండున్నర రోజుల్లో చూసేస్తారు. శుక్రవారం మొదలై ఆదివారం రాత్రికి అయిపోతుంది. సోమవారం మ్యాట్నీకి వెయ్యి సీట్ల హాల్లో అరవై మంది కూర్చుంటే ఆ హాలు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మాట్లాడితే ప్రతిధ్వని వస్తుంది. సమోసాలు చల్లారిపోతాయి.

డిజిటల్ వచ్చాక ఈ పద్ధతికి పగ్గాల్లేకుండా పోయాయి. క్యూబ్, యూఎఫ్‌ఓ అని రీళ్లు లేకుండా సినిమా వేసే కంపెనీలు రెండువేల దశకంలో మొదలై, పదేళ్లలో ప్రింటు అన్న మాటే లేకుండా చేశాయి. ప్రింటు ఖర్చు లేనప్పుడు నాలుగు చోట్ల వేయాల్సిన సినిమాను నలభై చోట్ల వేయడానికి ఎవరు వెనకాడతారు? పైరసీ వాడు రెండో రోజుకే బయట పెట్టేస్తున్నాడు కాబట్టి మొదటి మూడు రోజుల్లోనే లాగేయాలన్నది డిస్ట్రిబ్యూటర్ల వాదన. అందులో నిజం లేదని అనలేను. నేనూ ఆ పక్షాన ఉండి జీతం తీసుకున్నవాణ్నే. కానీ దెబ్బ తగిలింది హాలు యజమానికి. సిటీలో చాలా థియేటర్లు వారం రెంటు మీద నడిచేవి. సినిమా ఆడినా ఆడకపోయినా డిస్ట్రిబ్యూటర్ ఇంత అని కట్టాలి. సినిమా బతికేది వారమే అయ్యేసరికి, మొదటి వారం రెంటు ఇస్తాం, రెండో వారం నుంచి పర్సంటేజీ, అంటే వచ్చిన కలెక్షన్లో వాటా, అనడం మొదలైంది. రెండో వారం పర్సంటేజీ కరెంటు బిల్లుకు కూడా సరిపోదు.

పన్ను సంగతి కూడా ఒక మాట. 1980లలో వినోదపు పన్నుకు శ్లాబు పద్ధతి వచ్చింది. ఎన్ని టికెట్లు తెగాయన్నది కాకుండా, హాలు నిండితే ఎంత వస్తుందో దాని మీద పన్ను. దొంగలెక్కల గొడవ తగ్గుతుందని తెచ్చారు, తగ్గింది కూడా. కానీ జనం వచ్చినా రాకపోయినా సీట్ల మీద పన్ను అంటే పెద్ద హాలుకు అది బరువే. పెద్దగా కట్టినవాడు పెద్దగా కట్టాలి!

మిగతా కారణాలు మీకు తెలిసినవే. నేల విలువ. హాలు కట్టిన పెద్దాయన పోయాక ముగ్గురు కొడుకులు, ఇద్దరు అల్లుళ్లు. ఇంటిని పంచుకోవచ్చు, పొలాన్ని పంచుకోవచ్చు, బాల్కనీ ఒకరికి, తెర ఒకరికి అని హాలును పంచలేరు కదా. అమ్మి డబ్బు పంచుకోవడమే. ఆపైన పార్కింగ్. ఆ హాళ్లన్నీ సైకిల్ స్టాండు చూసుకుని కట్టినవి. 2003లో నెక్లెస్ రోడ్డులో ప్రసాద్స్ ఐమాక్స్ వచ్చినప్పుడు అందరూ దాని పెద్ద తెర గురించి మాట్లాడారు. నేను చూసింది పార్కింగు. కారున్న కుటుంబం ఇక క్రాస్‌రోడ్స్ సందుల్లో తిరగదని ఆ రోజే అనిపించింది.

అన్నీ పోలేదన్నది కూడా చెప్పాలి. కాచిగూడలో మహేశ్వరి, పరమేశ్వరి మల్టీప్లెక్సుగా మారాయి. అమీర్‌పేట సత్యం పడగొట్టి కట్టిన చోట 2023లో మల్టీప్లెక్సు తెరిచారు. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ కోచింగ్ కోసం వచ్చిన కుర్రాళ్లకు "సత్యం థియేటర్ దగ్గర" అన్నది అడ్రసు. ఆ హాల్లో ఒక్క సినిమా చూడకుండా దాని పేరు చెప్పుకుంటూ అమెరికా వెళ్లిపోయినవాళ్లు బోలెడు మంది. క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, దేవి, సుదర్శన్ 35 ఎం.ఎం. ఇంకా ఆడుతున్నాయి. అంటే చోటు చచ్చిపోలేదు, పలచబడింది.

ఇప్పుడు మీ నాన్నగారి మాట.

సగం నిజం. ఆ సగం ఏదో సరిగ్గా చెప్పాలంటే కొంచెం ప్రొజెక్టరు ఉండే కేబిన్‌లోకి వెళ్లాలి.

ముందు అబద్ధం సగం. ఎం.ఎం. లెక్క ఫిల్ము వెడల్పుది. 70 ఎం.ఎం. అని బోర్డు ఉన్న హాళ్లలో మనం చూసిన సినిమాల్లో నూటికి తొంభై పైన 35 ఎం.ఎం. ప్రింట్లే. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా, కృష్ణ గారి సింహాసనం, వచ్చిందే 1986లో. ఆ తర్వాత వచ్చినవీ తక్కువే. హిందీలో ముందు నుంచీ ఉన్నా, వాటిలో చాలావరకు 35 ఎం.ఎం.లో తీసి ప్రింటు పెద్దది చేసినవే. అయినా నిజమైన 70 ఎం.ఎం. ప్రింటు పడిన రోజు తేడా కళ్లకు కొట్టినట్టు తెలిసేది. ఫ్రేము పెద్దది కాబట్టి వెలుగు ఎక్కువ దూరుతుంది, తెర అంచుల దాకా బొమ్మ తేటగా ఉంటుంది. ఫిల్ము అంచున పూసిన అయస్కాంత పట్టీల మీద ఆరు ట్రాకుల శబ్దం. గుర్రం ఎడమ నుంచి కుడికి పరిగెడితే డెక్కల చప్పుడు కూడా నడిచి వెళ్లేది. మామూలు రోజుల్లో మాత్రం అదే మహా తెర మీద 35 ఎం.ఎం. సినిమాస్కోప్ బొమ్మను సాగదీసి వేసేవాళ్లు. నడిమధ్య బాగానే ఉండేది, చివర్లు మసక. ముందు వరుసల్లో కూర్చుంటే హీరో చెవి కనబడేది, ముఖం వెతుక్కోవాలి.

కుర్చీల గురించి చెప్పక్కర్లేదు. నల్లులు ఉండేవి. ఏసీ అని టికెట్టు మీద డబ్బు తీసుకుని, ఇంటర్వెల్ తర్వాత కట్టేసేవాళ్లు. ఇంటికెళ్లాక చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. బాత్రూముల ఊసు ఎత్తను. ఇవన్నీ మీ నాన్నగారు మర్చిపోయి ఉంటారు. మర్చిపోవడం మంచిదే.

ఇక నిజం సగం. ఆ రోజుల్లో బొమ్మ ఒక మనిషి చేతిలో ఉండేది. నేను మొదట చూసిన కేబిన్లలో జినాన్ దీపాలు లేవు, కార్బన్లు. రెండు బొగ్గు కడ్డీలు ఎదురెదురుగా పెట్టి మధ్య నిప్పు రాజేస్తారు. అవి కాలుతూ పొట్టివవుతుంటాయి, ఆపరేటర్ వాటి మధ్య ఎడం చూసుకుంటూ జరుపుతుండాలి. పరధ్యానంలో ఉంటే బొమ్మ ఎర్రబడి చీకటైపోతుంది, కింద నుంచి ఈలలు. రెండువేల అడుగుల స్పూలు నిమిషానికి 90 అడుగుల చొప్పున ఇరవై రెండు నిమిషాలు నడుస్తుంది. అయిపోయే ముందు తెర కుడి పైమూలలో ఒక చుక్క మెరుస్తుంది. అది చూసి రెండో మిషను మోటారు వేయాలి, రెండో చుక్కకు వెలుగు మార్చాలి. మీరు కథలో మునిగి ఉంటారు కాబట్టి చుక్క కనబడదు. నాకు మాత్రం ఇప్పటికీ పాత సినిమా టీవీలో వస్తుంటే కళ్లు ఆ మూలకే పోతాయి. మా ఆవిడకు ఒకసారి చూపించాను. "ఎందుకు చూపించావు, ఇప్పుడు నాకూ అదే కనబడుతోంది" అని తిట్టింది.

ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడించడం కూడా ఉండేది. ఇక్కడ ఆట మొదలైన ముప్పావు గంటకు అక్కడ మొదలు. ఇక్కడ అయిపోయిన రీళ్లను కుర్రాడు స్కూటర్ మీద అక్కడికి చేర్చాలి. ఒక వినాయక చవితి రోజుల్లో, నేను రెండో హాల్లో ఉన్నాను. ఇంటర్వెల్ ముందు రీలు రావాలి, రాలేదు. ఆపరేటర్ కిటికీలోంచి కేక వేశాడు, "అన్నా, రీలు రాలే!" ముందు స్లైడ్లు వేశాడు, జౌళి కొట్టు, నగల కొట్టు, పొగ తాగరాదు. తర్వాత అదే జౌళి కొట్టు మళ్లీ. జనం గోల. చివరికి అప్పటికే అయిపోయిన పాట రీలునే మళ్లీ ఎక్కించాడు. గొడవ అవుతుందనుకున్నాను. హాలు మొత్తం లేచి ఆడింది, వన్స్‌మోర్ అంటూ మూడోసారీ వేయించుకుంది. కుర్రాడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా, ఊరేగింపులో పడిన గులాలుతో నెత్తి నుంచి కాళ్ల దాకా ఎర్రగా వచ్చి, డబ్బా గుండెకు హత్తుకుని మెట్లెక్కాడు. ఆ ఆటకు ఒక్కరూ డబ్బు వాపసు అడగలేదు. డీసీఆర్‌లో ఆ రోజు ఏ తేడా లేదు కాబట్టి ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మీ నాన్నగారు మజా అంటున్నది దీన్నే అయి ఉంటుంది. వెయ్యి మంది ఒకే కప్పు కింద కూర్చోవడం. బాల్కనీలో డాక్టరు గారి కుటుంబం, కింద ముందు వరుసల్లో రిక్షా కార్మికులు, మధ్యలో కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్లు. టికెట్టులో తేడా కొద్ది రూపాయలే. ముందు వరుస ఈల వేస్తే బాల్కనీ నవ్వేది. ఆడవాళ్ల క్యూ ఎప్పుడూ చిన్నది కాబట్టి, ముక్కూ మొహం తెలియని మగాళ్లు "అక్కా, మాకో రెండు" అని డబ్బు వాళ్ల చేతిలో పెట్టేవాళ్లు. ఆ అక్క మోసం చేసిన దాఖలా నేనైతే చూడలేదు. గేటు దగ్గర నలభై మంది చుట్టాలున్న చోట కూడా!

హాలు హాలుకూ ఒక తీరు ఉండేది, అదీ కారణమే. ఇంగ్లీషు సినిమా అంటే సంగీత్. బషీర్‌బాగ్ స్కైలైన్ కూడా ఆ వరసలోదే. అబిడ్స్ అంటే హిందీ జనం, తెలుగు జనం కలిసిపోయే చోటు. ఎన్టీ రామారావు గారి రామకృష్ణ థియేటర్లు ఉన్నదీ అక్కడే. తెలుగు సినిమా మొదటి రోజు మొదటి ఆట అంటే క్రాస్‌రోడ్స్. సినిమా పేరు అడగకుండా "సంగీత్‌కు పోదాం" అనేవాళ్లు ఉండేవారు, అక్కడ ఏది ఆడినా పరవాలేదని. ఈ రోజు ఎవరైనా మల్టీప్లెక్సులో నాలుగో తెరకు పోదాం అంటారా? నేను వినలేదు.

అలాగని పాతదంతా బంగారమని నాతో అనిపించకండి. మా మనవరాలితో మల్టీప్లెక్సుకు వెళ్తాను. కుర్చీ వెనక్కి వాలుతుంది, శబ్దం బ్రహ్మాండం, పాప్‌కార్న్ ధర వింటే మాత్రం టెన్షన్ వస్తుంది. అలవాటు పోక, ఇంటర్వెల్ తర్వాత లైట్లు ఆరగానే తలలు లెక్కపెడతాను. మొన్న ఆదివారం ఫస్ట్ షోకి ముప్పై ఏడు. ఆ పిల్ల నన్ను మోచేత్తో పొడిచి "తాతయ్యా, తెర ముందుంది" అంది.

మీ నాన్నగారిని ఒక్కటి అడిగి చెప్పండి. సంగీత్‌లో చూసిన ఆ సినిమా ఏది, ఏ ఏడు, కింద కూర్చున్నారా, బాల్కనీలోనా? ఇంగ్లీషు సినిమాలు మా లైను కాదు కాబట్టి సంగీత్ డీసీఆర్‌లు నా దగ్గర లేవు. కానీ అదే వారం క్రాస్‌రోడ్స్‌లో, సికింద్రాబాద్‌లో మా సినిమా ఎంత చేసిందో డైరీల్లో ఉంటుంది. 1984, 1991 డైరీలు చెదలు తినేశాయి. ఆ రెండూ కాకపోతే చెప్పగలను.